చీకట్లో టోర్నడోను పట్టి చూపే రాడార్: డాలస్ ప్రాంతపు నెక్స్‌రాడ్ సేవపై ఒక వాడుకరి సమీక్ష

డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు పన్నుల రూపంలో ఇప్పటికే డబ్బు కట్టేసి, అయినా సరిగా వాడుకోకుండా వదిలేస్తున్న ఒక సేవ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. అమెరికా జాతీయ వాతావరణ సేవ నడిపే నెక్స్‌రాడ్ అనే రాడార్ల వ్యవస్థ, అందులోనూ మా ప్రాంతాన్ని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే ఫోర్ట్‌వర్త్ రాడార్, ఈ సమీక్షకు విషయం. దాని సాంకేతిక నామం కేఎఫ్‌డబ్ల్యూఎస్. 2013 వేసవిలో నేను డాలస్ శివారు ఊరైన ఫ్రిస్కోకు వచ్చాను. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ మార్చి నెలాఖరు మొదలు జూన్ దాకా, మళ్ళీ అక్టోబరులో కొన్ని రోజులు, పడమటి దిక్కున ఆకాశం నల్లబడిన ప్రతిసారీ నేను మొదట తెరిచేది ఈ రాడార్ చిత్రాన్నే. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. వాతావరణ శాస్త్రంలో నాకు పట్టా లేదు. పదేళ్ళకు పైగా ఒక సేవను ఇంటి అవసరానికి వాడుతూ, దాని గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చిన మనిషి అభిప్రాయంగా దీన్ని చదవమని కోరుతున్నాను.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు ఎందుకో కూడా చెప్పాలి. నేను పుట్టింది అవనిగడ్డ దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి, పదివేల మందికి పైగా ప్రాణాలు తీసుకున్న ఉప్పెన గురించి మా నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పినా, చివరికి ఒకే మాట దగ్గర ఆగేది: "ముందుగా చెప్పిన నాథుడు లేడురా." ఆ మాట విని పెరిగినవాణ్ణి కనుక, ప్రమాదం ఇంకా పది కిలోమీటర్ల దూరంలో ఉండగానే జేబులోని ఫోను ఆ సంగతి చెప్పగలగడం నాకు మామూలు విషయంగా ఎప్పుడూ అనిపించలేదు.

మొదట ఈ వ్యవస్థ ఏమిటో క్లుప్తంగా చెబుతాను. నెక్స్‌రాడ్‌లో దేశమంతటా, విదేశాల్లోని కొన్ని స్థావరాలతో కలిపి, సుమారు 160 రాడార్లు ఉన్నాయి. వాతావరణ సేవ, విమానయాన శాఖ, వైమానిక దళం కలిసి వీటి ఖర్చు భరిస్తాయి. ఎత్తయిన ఇనుప గోపురం మీద తెల్లటి పెద్ద బంతిలా కనిపించే కప్పు లోపల, 28 అడుగుల వ్యాసం ఉన్న డిష్ ఒకటి గుండ్రంగా తిరుగుతూ 10 సెంటీమీటర్ల తరంగాలను పంపి, వాన చినుకులను తాకి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. ప్రతిధ్వని ఎంత బలంగా వచ్చిందో దాన్ని బట్టి వాన ఎంత జోరుగా ఉందో తెలుస్తుంది. తరంగపు పౌనఃపున్యంలో వచ్చిన మార్పును బట్టి ఆ వాన రాడార్ వైపు వస్తున్నదో, దూరంగా పోతున్నదో, ఎంత వేగంతో కదులుతున్నదో తెలుస్తుంది. ఈ రెండో గుణాన్నే డాప్లర్ అంటారు. 1973 మే 24న ఓక్లహోమాలోని యూనియన్ సిటీని తాకిన టోర్నడోను నార్మన్‌లోని జాతీయ తీవ్ర తుఫానుల ప్రయోగశాల డాప్లర్ రాడార్‌తో మొదటి నుంచి చివరి దాకా గమనించింది. సుడి నేలను తాకడానికి ముందే పైన మేఘంలో దాని ఆనవాలు కనిపిస్తుందని ఆ డేటాను పరిశీలించినప్పుడు తేలింది. 1990లలో దేశమంతా నెలకొల్పిన ఈ రాడార్లకు పునాది అక్కడ పడింది.

అయితే అప్పటి రాడార్‌కు ఒక పెద్ద లోపం ఉండేది. ఎక్కడ ఉందో, ఎంత ఉందో, ఎటు పోతున్నదో చెప్పేది గానీ, ఉన్నది ఏమిటో చెప్పలేకపోయేది. తెర మీద ఊదా రంగు గడ్డకట్టినట్టు కనిపిస్తే అది కుంభవృష్టి కావచ్చు, వడగళ్ళు కావచ్చు, రెండూ కలిసినవి కావచ్చు. రాత్రిపూట ఆకాశంలో లేచిన పక్షుల గుంపు కూడా తేలికపాటి వానలాగే కనిపించేది. ఈ లోపాన్ని తీర్చినది 2011లో మొదలై 2013లో పూర్తయిన మార్పు. దాన్ని ఇక్కడ అందరూ డ్యుయల్ పోల్ అంటారు. తెలుగులో ద్వంద్వ ధ్రువణం అనవచ్చు. నేను ఈ సమీక్షలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన మార్పులన్నిటిలోకీ ఇంట్లో కూర్చుని చూసే మనిషికి అత్యంత ఉపయోగపడినది ఇదే.

పాత రాడార్ తరంగాన్ని అడ్డంగా మాత్రమే కంపించేలా పంపేది. మార్పు తర్వాత అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ఒకేసారి పంపుతున్నది. దీని వలన ఎదురుగా ఉన్న వస్తువు వెడల్పూ పొడవూ విడివిడిగా కొలిచినట్టు అవుతుంది. చిన్న చినుకు గోళీలా గుండ్రంగా ఉంటుంది. పెద్ద చినుకు మాత్రం కిందికి పడేటప్పుడు గాలి ఒత్తిడికి అడుగు చదునై, పైన ఉబ్బి, అచ్చం ఇడ్లీ ఆకారం దాలుస్తుంది. అందువలన పెద్ద చినుకుల వానలో అడ్డ ప్రతిధ్వని నిలువు ప్రతిధ్వని కంటే బలంగా వస్తుంది. వడగల్లు అలా కాదు. అది దొర్లుకుంటూ, పల్టీలు కొడుతూ పడుతుంది కనుక, సగటున చూస్తే అడ్డమూ నిలువూ సమానంగా కనిపిస్తాయి. ప్రతిధ్వని బలంగా ఉండి, అడ్డానికీ నిలువుకూ తేడా సున్నాకు దగ్గరగా ఉన్నదంటే అక్కడ వడగళ్ళు పడుతున్నాయని అర్థం చేసుకోవచ్చు. ఇదే తేడాను గడ్డకట్టే ఎత్తుకు పైన చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అక్కడ చదునైన చినుకుల స్తంభం ఒకటి నిలువుగా లేచి కనిపించిందంటే, కింది నుంచి గాలి వాటిని అంత బలంగా పైకి తోస్తున్నదని, ఆ గాలివాన ఇంకా ముదురుతున్నదని అర్థం.

నా మట్టుకు నాకు అన్నిటికంటే విలువైనది మూడో కొలత. దాని పేరు కోరిలేషన్ కోఎఫిషియంట్. యాప్‌లలో సీసీ అని ఉంటుంది. ఒక చోట ఉన్న వస్తువులన్నీ ఒకే రకంగా ఉన్నాయా, కలగాపులగంగా ఉన్నాయా అన్నది ఈ అంకె చెబుతుంది. స్వచ్ఛమైన వానలో ఇది 0.97కు పైన, దాదాపు 1 దగ్గర ఉంటుంది. వడగళ్ళు కలిస్తే కొంచెం తగ్గుతుంది. పక్షులూ పురుగులూ ఉన్న చోట బాగా పడిపోతుంది. మధ్య టెక్సస్‌లో వేసవి సాయంత్రాల్లో గబ్బిలాలు గుహల నుంచి లేచి రాడార్ మీద పువ్వులా విచ్చుకోవడం ఈ కొలతలో చూడటం ఒక ముచ్చట. ఇక ఇంటి పైకప్పుల ముక్కలు, ఇన్సులేషన్, చెట్ల కొమ్మలు, రేకులు గాలిలో గిరగిరా తిరుగుతుంటే, ఒకదాని ఆకారం ఇంకొకదానికి సంబంధం లేదు కనుక, సీసీ 0.8కి కిందికి దిగిపోతుంది. గాలి ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతున్న చోటే, ప్రతిధ్వని బలంగా ఉన్న చోటే సీసీ ఇలా పడిపోయిందంటే, టోర్నడో నేల మీదికి దిగి ఏదో ఒకదాన్ని ధ్వంసం చేస్తున్నదన్న మాట. దీన్ని శిథిలాల ఆనవాలు అంటారు. కంటికి కనిపించని చీకట్లో, వాన తెరలు కప్పేసిన వేళ కూడా ఇది కనిపిస్తుంది.

2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి నేను దీన్ని మొదటిసారి నా కళ్ళతో చూశాను. తొమ్మిది దాటి కొన్ని నిమిషాలైంది. ఫోనులో రాడార్‌స్కోప్ అనే యాప్ తెరిచి, ఎడమ వైపు వేగం, కుడి వైపు సీసీ పెట్టుకుని కూర్చున్నాను. ఉత్తర డాలస్ మీద పచ్చ రంగూ ఎరుపు రంగూ ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో గీత గీసినట్టు నిలబడ్డాయి. అంటే కిలోమీటరు వెడల్పు కూడా లేని చోటులో గాలి రెండు వ్యతిరేక దిక్కులకు పరుగెడుతున్నది. తరువాతి చిత్రం వచ్చేసరికి, సరిగ్గా అదే బిందువు మీద, సీసీ చిత్రంలో ముదురు ఎరుపు మధ్య సిగరెట్టుతో కాల్చినట్టు ఒక నీలి చిల్లు పడింది. ఆ తరువాతి చిత్రంలో ఆ చిల్లు కొంచెం పెద్దదై, తూర్పుకు జరిగింది. నా చేతులు చల్లబడిపోయాయి. అది జరుగుతున్న దారిలో రిచర్డ్‌సన్‌లో మా అక్క ఇల్లు ఉంది.

వెంటనే ఫోను చేశాను. "అక్కా, బావగారినీ పిల్లల్నీ తీసుకుని మెట్ల కింద క్లోజెట్‌లోకి వెళ్ళిపోండి, ఇప్పుడే" అన్నాను. "ఏమిట్రా, ఇక్కడ సరిగ్గా వాన కూడా లేదు. సైరన్ కూడా వినపడలేదు" అన్నది. ఆ సైరన్లు బయట ఉన్నవాళ్ళ కోసం పెట్టినవని, తలుపులు వేసుకుని టీవీ పెట్టుకున్న ఇంట్లోకి వినపడాలన్న నియమం లేదని అప్పుడు వివరించే తీరిక లేదు. "నేలమీదికి దిగిందక్కా, శిథిలాలు కనిపిస్తున్నాయి" అన్నాను. అక్క ఇంకో ప్రశ్న వేయలేదు. ఆ టోర్నడో ఈఎఫ్-3 స్థాయిదని (టోర్నడో తీవ్రతను సున్నా నుంచి అయిదు దాకా చెప్పే కొలమానం ఈఎఫ్), సుమారు 25 కిలోమీటర్లు నడిచి రిచర్డ్‌సన్‌లో చల్లారిందని తరువాత వాతావరణ సేవ సర్వేలో తేలింది. ఆస్తి నష్టం నూరు కోట్ల డాలర్లు దాటింది. ఇళ్ళూ బళ్ళూ దుకాణాలూ కూలిన ఆ రాత్రి డాలస్‌లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. మా అక్క వాళ్ళ ఇంటికి ఏమీ కాలేదు. మూడు వీధుల అవతల పెద్ద ఓక్ చెట్టు ఒకటి వేళ్ళతో సహా లేచి కారు మీద పడి ఉండటం మరునాడు ఉదయం వెళ్ళి చూశాను.

ఇంత మెచ్చుకున్నాక, ఈ సదుపాయం చేయలేని పనిని కూడా అంతే స్పష్టంగా చెప్పడం నా బాధ్యత. శిథిలాల ఆనవాలు కనిపించిందంటే టోర్నడో అప్పటికే దిగి, ఎవరి ఇంటినో పడగొట్టిందని అర్థం. కాబట్టి అది ముందస్తు సూచన కాదు, రూఢి. మొదటి ఇంటివారికి అది ఉపయోగపడదు, దారిలో ఉన్న తరువాతి వీధులవారికి మాత్రమే ఉపయోగపడుతుంది. ముందస్తుగా చెప్పే పని ఇప్పటికీ వేగం చిత్రానిదే, దాన్ని చూసి నిర్ణయం తీసుకునే వాతావరణ కార్యాలయంలోని మనుషులదే. 2013 మే 20న ఓక్లహోమాలోని మూర్ నగరాన్ని ఈఎఫ్-5 టోర్నడో తాకినప్పుడు, అది నేలకు దిగడానికి 16 నిమిషాల ముందు హెచ్చరిక వెలువడింది. అయినా 24 మంది చనిపోయారు. మరోవైపు, వెలువడే టోర్నడో హెచ్చరికల్లో సుమారు మూడు వంతుల్లో రెండు వంతులకు పైగా టోర్నడో లేకుండానే ముగుస్తాయి. మేఘంలో తిరిగే ప్రతి సుడీ నేలకు దిగదు. ఏది దిగుతుందో ఏది దిగదో తేల్చి చెప్పే శక్తి డ్యుయల్ పోల్‌కు కూడా లేదు. రెండుసార్లు ఏమీ జరగలేదని మూడోసారి హెచ్చరికను పట్టించుకోని స్నేహితులు నాకు ఉన్నారు. వారిని తప్పుపట్టలేను గానీ, ఆ మూడోసారి ఒక్క నిమిషం సీసీ చూడమని మాత్రం బతిమాలుతుంటాను.

రాడార్ చూపినా దారిలో ఉన్న మనిషికి చేరకపోతే ఏమవుతుందో 2015 డిసెంబరు 26 సాయంత్రం తెలిసింది. క్రిస్మస్ మరునాడు చీకటి పడ్డాక గార్లండ్, రౌలెట్ పట్టణాల మీదుగా ఈఎఫ్-4 టోర్నడో నడిచింది. హెచ్చరిక ఉంది, రాడార్ మీద ఆనవాలూ ఉంది. అయినా గార్లండ్‌లో పది మంది పోయారు. వారిలో ఎక్కువ మంది ఐ-30, జార్జి బుష్ టర్న్‌పైక్ అనే రెండు హైవేలు కలిసే చోట కార్లలో వెళుతున్నవారు. ఆ తర్వాత మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. హెచ్చరిక ఉన్నప్పుడు హైవే ఎక్కము. దుకాణంలో ఉంటే దుకాణంలోనే ఆగిపోతాము.

ఇక వేగం సంగతి. రాడార్ అన్ని ఎత్తులనూ చుట్టి రావడానికి గాలివాన సమయంలో నాలుగైదు నిమిషాలు పడుతుంది. టోర్నడో విషయంలో నాలుగైదు నిమిషాలంటే చాలా ఎక్కువ. కొన్ని టోర్నడోలు ఆ వ్యవధిలోనే పుట్టి చచ్చిపోతాయి. 2014లో వచ్చిన సాఫ్ట్‌వేర్ మార్పుతో డిష్ పైకి వెళుతూ మధ్యలో ఒకసారి కిందికి దిగి నేలకు దగ్గరి పొరను మళ్ళీ చూడటం మొదలుపెట్టింది. 2016లో ఆ అదనపు చూపులను మూడు దాకా పెంచారు. ఇప్పుడు తీవ్రమైన గాలివాన ఉన్నప్పుడు అతి కింది చిత్రం నిమిషంన్నరకు అటూ ఇటుగా మారుతున్నది. కొత్త యంత్రం ఒక్కటి కూడా బిగించకుండా, తిరిగే వరుసను మార్చడం ద్వారా సాధించిన ఈ మెరుగుదల నాకు ఇంజనీరుగా ఎంతో నచ్చింది. పై ఎత్తులు మాత్రం ఇంకా ఆలస్యంగానే వస్తాయి. వడగళ్ళు ఎంత ఎత్తున పెరుగుతున్నాయో చూడాలనుకునేవారికి అది లోటే.

వడగళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి, మన వాళ్ళకు టోర్నడో కంటే తరచుగా ఎదురయ్యే కష్టం గురించి చెబుతాను. ఈ ప్రాంతంలో ఇల్లున్న ప్రతివారూ పదేళ్ళలో ఒకసారైనా పైకప్పు మార్చుకుంటారంటే అతిశయోక్తి కాదు. డ్యుయల్ పోల్ వచ్చాక వడగళ్ళు ఉన్న చోటును ఇంటి వీధి స్థాయిలో ముందే చూడగలుగుతున్నాను. ఒక గాలివాన డెంటన్ దాటి మా వైపు వస్తుండగా గ్యారేజీలో సామాన్లు పక్కకు జరిపి రెండో కారు లోపల పెట్టడానికి నాకు ఇరవై నిమిషాలు దొరికిన సందర్భాలు మూడు ఉన్నాయి. వాటిలో ఒకసారి మా వీధిలో బయట ఉన్న ప్రతి కారుకూ సొట్టలు పడ్డాయి. అదే సమయంలో ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వడగళ్ళ పరిమాణాన్ని రాడార్ నేరుగా కొలవదు, మేఘంలోని ప్రతిధ్వని నుంచి అంచనా వేస్తుంది. ఒకసారి పైకప్పులు వేసే కంపెనీ మనిషి ఒకరు తలుపు తట్టి, రంగుల పటం చూపి, మా ఇంటి మీద రెండు అంగుళాల వడగళ్ళు పడినట్టు రాడార్‌లో ఉందని, వెంటనే బీమా క్లెయిము వేయమని ఒత్తిడి చేశారు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పెరట్లో పడినవి బఠాణీ గింజంత ఉన్నాయి. అంతెత్తున ఏర్పడిన వడగల్లు దిగేలోపు కరగవచ్చు, గాలికి పక్క ఊరికి కొట్టుకుపోవచ్చు. అటువంటి పటాన్ని సాక్ష్యంగా చూపినప్పుడు నిచ్చెన వేయించి పైకప్పు మీది షింగిల్స్ (పలకలు) చూడకుండా సంతకం పెట్టవద్దు.

ఈ సేవలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే లోపం భూమి గుండ్రంగా ఉండటం నుంచి వస్తుంది. రాడార్ కిరణం మామూలుగా అర డిగ్రీ పైకి వంచి పంపుతారు. అది తిన్నగా పోతుంటే కింద నేల వంగిపోతుంది కనుక, దూరం పెరిగిన కొద్దీ కిరణం ఎత్తు పెరుగుతుంది. ఫోర్ట్‌వర్త్ రాడార్ ఆ నగరానికి దక్షిణాన ఉంది. అక్కడి నుంచి మా ఫ్రిస్కో దాదాపు 78 కిలోమీటర్లు. లెక్క వేసి చూస్తే, మా ఇంటి మీదికి వచ్చేసరికి కిరణం మధ్యభాగం సుమారు కిలోమీటరు ఎత్తున పోతున్నది. దాని కింద జరిగేది రాడార్‌కు కనపడదు. బలహీనమైన టోర్నడో పుట్టి చచ్చేది తరచుగా ఆ కిలోమీటరు లోపలే. మాది ఇంకా నయం. మనవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్న నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరానికి దగ్గరి నెక్స్‌రాడ్ సౌత్ కరోలినాలోని గ్రీర్‌లో, సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ కిరణం రెండు కిలోమీటర్లు దాటిపోతుంది. డ్యుయల్ పోల్ ఎంత తెలివైనదైనా, కిరణం తాకని చోట శిథిలాలను చూడలేదు.

డాలస్ ప్రాంతానికి ఈ విషయంలో రెండు అదనపు రక్షణలు ఉన్నాయి. మొదటిది విమానాశ్రయ రాడార్లు. 1985 ఆగస్టు 2న డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో దిగుతున్న డెల్టా 191 విమానం, మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడిన గాలిలో చిక్కి కూలి, 137 మంది చనిపోయారు. ఆ తర్వాత పెద్ద విమానాశ్రయాల కోసం ప్రత్యేకంగా 5 సెంటీమీటర్ల తరంగంతో పనిచేసే రాడార్లు నెలకొల్పారు. డాలస్‌కు అవి రెండు. వాటి చిత్రం మరింత పదునుగా ఉంటుంది, నేలకు దగ్గరగా ఉంటుంది. అయితే తరంగం చిన్నది కావడం వలన జోరు వాన దాన్ని మింగేస్తుంది. ముందున్న కుంభవృష్టి వెనుక ఏమున్నదో ఒక్కోసారి అసలే కనిపించదు. 10 సెంటీమీటర్ల నెక్స్‌రాడ్‌కు ఈ బాధ చాలా తక్కువ. అందుకే రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. రెండోది, 2012 నుంచి విశ్వవిద్యాలయాలూ స్థానిక ప్రభుత్వాలూ కలిసి ఇక్కడ నడుపుతున్న కాసా అనే చిన్న రాడార్ల వల. అవి కొద్ది దూరమే చూస్తాయి గానీ, నిమిషానికొకసారి, నేలకు ఎంతో దగ్గరగా చూస్తాయి.

యంత్రాల ఆరోగ్యం గురించి కొంచెం. 1990లలో బిగించిన పరికరాలు ఇరవై ఏళ్ళు దాటేసరికి అరుగుదల మొదలైంది. సిగ్నల్ ప్రాసెసర్, ట్రాన్స్‌మిటర్, డిష్‌ను తిప్పే పీఠం, పరికరాలు ఉండే గదులు, ఈ నాలుగింటినీ వరుసగా పునరుద్ధరించి, ఆయుష్షును 2035 దాకా పొడిగించే పనిని సుమారు 15 కోట్ల డాలర్ల ఖర్చుతో 2024లో పూర్తిచేశారు. పీఠం మార్చేటప్పుడు క్రేనుతో తెల్లటి కప్పును పైకెత్తి, డిష్‌ను దించి, మళ్ళీ బిగించాలి కనుక ఒక్కో రాడార్ సుమారు రెండు వారాలు మూతపడింది. ఏ రాడార్ ఏ తేదీన ఆగుతుందో ముందే ప్రకటించారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. కానీ అటువంటి రోజుల్లో పొరుగు రాడార్లే దిక్కు, మా ఊరికి ఆ పొరుగు రాడార్లన్నీ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అక్కడి నుంచి వచ్చే కిరణం మా తలల మీద అయిదు కిలోమీటర్లకు పైగా ఎత్తున పోతుంది. డ్యుయల్ పోల్ కోసం కూడా ఒక మూల్యం చెల్లించారు. ఒకే ట్రాన్స్‌మిటర్ శక్తిని అడ్డానికీ నిలువుకూ చెరి సగం పంచడం వలన, సన్నని తుంపరనూ తేలికపాటి మంచునూ పట్టే సున్నితత్వం కొంత తగ్గింది. తీవ్రమైన గాలివానలు ముఖ్యమనుకునే నాబోటివాడికి అది లాభసాటి బేరమే. మంచు కురిసే ఉత్తరాది రాష్ట్రాలవారు ఆ మాట ఒప్పుకోకపోవచ్చు.

తరువాతి తరం ఫేజ్డ్ అర్రే రాడార్ మీద నార్మన్‌లో పరిశోధన సాగుతున్నది. అందులో డిష్ తిరగనవసరం లేదు; చదునైన పలక మీద వేల చిన్న యాంటెన్నాలు ఉండి, కిరణాన్ని విద్యుత్తుతోనే కావలసిన దిక్కుకు వంచుతాయి. 2003 నుంచి 2016 వరకు నౌకాదళం నుంచి తెచ్చిన యాంటెన్నాతో అక్కడ ప్రయోగాలు చేశారు. ఒక గాలివాన మీద మాత్రమే దృష్టి పెట్టి, అన్ని ఎత్తులనూ నిమిషం లోపే చూడవచ్చని అవి నిరూపించాయి. ఆ తర్వాత ద్వంద్వ ధ్రువణం కలిగిన కొత్త నమూనాను నిలిపారు. పలకకు ఎదురుగా కాకుండా పక్కకు చూసినప్పుడు అడ్డ, నిలువు కొలతలు తేడా పడకుండా సరిచేయడం అందులో కష్టమైన పని. అది సాధ్యమైతే నేను సంతోషించే వారిలో మొదటివాణ్ణి. అయినా, చేతిలో ఉన్న డబ్బుతో ఒకటే చేయగలిగితే ఏది ముందు అని నన్ను అడిగితే, ఖరీదైన కొత్త పలకల కంటే ముందు షార్లెట్ వంటి ఖాళీల్లో కాసా తరహా చిన్న రాడార్లు పెట్టమంటాను. చిత్రం ఎంత త్వరగా వచ్చినా, అది కిలోమీటరు పైనుంచి తీసినదైతే నాకు కావలసింది అందులో ఉండదు.

చివరిగా, ఈ సేవలో నేను మనస్ఫూర్తిగా అయిదుకు అయిదు ఇచ్చే అంశం ఒకటి ఉంది. రాడార్ పట్టిన ముడి డేటా మొత్తం, నిమిషాల్లో, ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. 1991 నుంచి ఉన్న పాత డేటా కూడా 2015 నుంచి క్లౌడ్‌లో అందరికీ తెరిచి ఉంచారు. నేను వాడే యాప్ ఆ డేటా మీదే కట్టినది. 2019 రాత్రి నాటి ఆ నీలి చిల్లును నేను ఈ రోజుకూ మళ్ళీ దించుకుని, చిత్రం తరువాత చిత్రం జరిపి చూడగలను. మొత్తం సేవకు మాత్రం అయిదుకు నాలుగే ఇస్తాను. తగ్గించిన ఒకటి కిరణం కింద మిగిలిపోయిన ఆ కిలోమీటరు కోసం.

మన దగ్గర మచిలీపట్నం, విశాఖపట్నం, శ్రీహరికోట, హైదరాబాదులలో డాప్లర్ రాడార్లు ఉన్నాయి. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన మిషన్ మౌసమ్‌లో రాడార్లను పెంచడం ఒక భాగం. భారత వాతావరణ శాఖ వెబ్‌సైటులో మచిలీపట్నం చిత్రాన్ని ఎవరైనా చూడవచ్చు. తుఫాను సమయంలో నేనూ ఇక్కడి నుంచి చూస్తుంటాను. ఆ చిత్రంతో పాటు దాని వెనుక ఉన్న ముడి డేటాను కూడా ఇక్కడిలాగే, అదే నిమిషంలో, అందరికీ తెరవాలని నా విన్నపం. మే నెల మధ్యాహ్నాల్లో పిడుగులు పడే చేలకూ, వేటకు వెళ్ళిన పడవలకూ తెలుగులో, మండలం పేరుతో హెచ్చరిక పంపే చిన్న యాప్ రాయగల పిల్లలు మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కొల్లలుగా ఉన్నారు. ఆ డేటా తెరిచిన రోజున, రాడార్‌స్కోప్‌లో నేను పెట్టుకునే రెండు చిత్రాల అమరికను అవనిగడ్డ కోసం చేసి పెట్టడానికి నా శనివారాలు ఇస్తాను.